నిమిషానికి ఐదు మాటలు

అబ్దుల్ జబ్బార్ మోర్సు పరీక్ష తప్పాడంటే ఊళ్ళో ఎవరూ ఒక పట్టాన నమ్మలేదు. చేపపిల్ల ఈతలో తప్పిందంటే నమ్ముతామా? పద్దెనిమిదేళ్ళుగా తంతి వార్తలు చెవితో విని చేత్తో రాస్తున్న మనిషి. నిమిషానికి పాతిక మాటలు పంపే చెయ్యి, పాతిక మాటలు పట్టే చెవి. అలాంటివాడు మద్రాసు దాకా వెళ్ళి, నిమిషానికి ఐదంటే ఐదు మాటల పరీక్షలో, కాలేజీ కుర్రాళ్ళు సరదాగా గట్టెక్కే పరీక్షలో, బోర్లాపడి వచ్చాడు. "పంతులుగారికి ఎక్కాల్లో సున్నా వచ్చిందట" అని రైసుమిల్లు దగ్గర నవ్వుకున్నారు. నవ్వినవాళ్ళ తప్పు లేదు. అతను ఎందుకు తప్పాడో, తప్పాక ఏం చేశాడో వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు గనక చెబుతున్నాను.

జబ్బార్‌ది బందరు. తండ్రి గిలకలదిండిలో పడవలకి ఐసు దిమ్మలు మోసేవాడు. కొడుకు మెట్రిక్ పాసై, మోర్సు నేర్చుకుని, తంతి ఉద్యోగంలో చేరాడు. అక్కడా ఇక్కడా తిప్పి చివరికి దివిసీమలో, నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక ఊరికి వేశారు. ఊరి పేరు చెప్పను. ఆ ఊళ్ళో పోయినవాళ్ళు లేని ఇల్లు లేదు, పేరు చెప్పి వాళ్ళ పుండు మళ్ళీ రేపడం ఎందుకు? పాత మేడలో ముందు గది పోస్టాఫీసు, వెనక రెండు గదుల్లో జబ్బార్, అతని భార్య జైతూన్ బీ.

బల్ల మీద ఉండే తంతి యంత్రం కూత పెట్టదు, టక్కుటక్కుమంటుంది. ఆ టక్కులు గట్టిగా వినపడాలని జబ్బార్ దాని వెనక ఖాళీ సిగరెట్టు డబ్బా ఒకటి ఇరికించాడు. డబ్బా అలా టకటకలాడుతుంటే ఒక చేత్తో వార్త రాసుకుంటూ, కార్డులు కొనడానికి వచ్చినవాళ్ళతో నారుమళ్ళ గురించి కబుర్లు చెప్పేవాడు. చెవి మూడు మాటలు ముందు, చెయ్యి మూడు మాటలు వెనక. పాతకాపులైన తంతివాళ్ళందరికీ ఇదే అలవాటు. వాళ్ళు అక్షరాలు వినరు, మాటలు వింటారు. వాళ్ళ గొప్పతనమంతా అందులోనే ఉంది. జబ్బార్ కొంప ముంచిందీ అదే.

డెబ్భై ఏడు నవంబరు పందొమ్మిదిన ఉప్పెన వచ్చింది. దాని సంగతి తెలియని తెలుగువాడు లేడు కాబట్టి వర్ణించను. తెల్లారి చూస్తే పోస్టాఫీసు మేడ నిలబడి ఉంది, రైసుమిల్లు మేడ నిలబడి ఉంది. తంతి స్తంభాలు మాత్రం కనుచూపు మేరలో ఒక్కటి లేదు. బతికి బట్టకట్టినవాళ్ళు తడిబట్టలతోనే పోస్టాఫీసుకి వచ్చారు. "జబ్బారు గారూ, మావాళ్ళకి ఒక్క ముక్క కొట్టండి" అన్నారు. కొట్టడానికి తీగ లేదని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఫారాలు ఇచ్చి రాయించుకున్నాడు. సాయంత్రానికి తొంభై మూడు అయ్యాయి.

అన్నిటికన్నా ముందుది పుష్పావతిది. ఆమె పుట్టిల్లు గుడివాడ. అక్కడ తల్లి గంగాదేవి, అన్న భూషణం ఉంటారు. గంగాదేవికి ఒక పట్టుదల ఉంది. కూతురు బస్సెక్కి అత్తవారింటికి బయల్దేరితే, చేరానన్న కబురు అందేదాకా ఆవిడ ముద్ద ముట్టదు. అందుకని పెళ్ళయిన పదేళ్ళలో పుట్టింటి నుంచి ఎప్పుడొచ్చినా పుష్పావతి బస్సు దిగి ముందు పోస్టాఫీసుకి వచ్చేది. 'క్షేమంగా చేరాను' అని తంతి కొట్టించాకే ఇంటికి వెళ్ళేది. "ఉత్తరం రాస్తే పోయేదానికి ఇంత హడావిడా" అని ఊరంతా నవ్వేది. జబ్బార్‌కి ఆ తంతి కంఠతా వచ్చు, ఫారం చూడకుండానే కొట్టేసేవాడు. ఈసారి ఆమె రైసుమిల్లు మేడ మీద నుంచి దిగి, మొగుడినీ పిల్లల్నీ అక్కడే కూర్చోబెట్టి, ఇలా రాసింది: "అందరం క్షేమం. అమ్మని అన్నం తినమను."

ఆ ఫారం ఏడు రోజులు జబ్బార్ బల్ల మీదే ఉండిపోయింది. అవతల భూషణం రెండుసార్లు బయల్దేరి, చెట్లూ నీళ్ళూ అడ్డంపడి మోపిదేవి కూడా దాటలేక వెనక్కి వెళ్ళాడు. ఆ ఊరు ఊడ్చుకుపోయిందని దారిలో ఎవరో అన్నారు. సహాయం లారీ మొదటిసారి వచ్చినప్పుడు జబ్బార్ ఫారాలన్నీ కట్టగట్టి బందరు పంపించాడు. బందరులో అప్పటికే అలాంటి కట్టలు గుట్టపడి ఉన్నాయి. పుష్పావతి కబురు తొమ్మిదో రోజున గుడివాడ చేరింది. గంగాదేవి ఎనిమిదో రోజునే పోయింది. ఉప్పెన సంగతి విన్నప్పటి నుంచీ మెతుకు ముట్టలేదు, ముసలి ప్రాణం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

కొత్త స్తంభాలు పాతి తీగ లాగాక సిగరెట్టు డబ్బా మళ్ళీ మోగింది. దాని మీద వచ్చిన మొదటి వార్త అదే: "అమ్మ ఇరవై ఏడున పోయింది. భూషణం." చెవి మూడు మాటలు ముందుంటుందని చెప్పానుగా. చెయ్యి ఇంకా పుష్పావతి పేరు రాస్తుండగానే చెవికి అంతా తెలిసిపోయింది. మిగతాది ఎలా రాశాడో అతనికే తెలియదు. బంట్రోతుకి ఇవ్వకుండా తనే పట్టుకెళ్ళాడు.

పుష్పావతి చదువుకుంది. "నా తంతి అందలేదా అన్నయ్యా?" అని జబ్బార్‌ని అడిగింది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా జబ్బార్‌కి ప్రాణం కుదుటపడేది.

అంతకు ముందు వారమే అవనిగడ్డలో అతనొక వింత చూశాడు. ఇద్దరు కుర్రాళ్ళు టార్పాలిన్ కింద వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని, కొబ్బరిచెట్టుకి తీగ కట్టి, కారు బ్యాటరీతో హైదరాబాదుకి వార్తలు పంపుతున్నారు. ఏ డిపార్టుమెంటని అడిగాడు. "డిపార్టుమెంటేం లేదండీ, సరదాకి నేర్చుకున్నాం. ఎమెచ్యూర్ రేడియో అంటారు. పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుంటే ఎవరైనా ఇంట్లో పెట్టుకోవచ్చు" అన్నారు. అప్పటికి విని ఊరుకున్నాడు. పుష్పావతి ఇంటి నుంచి తిరిగి వస్తుంటే ఆ మాట గుర్తొచ్చింది. ఇక వదల్లేదు.

జైతూన్ బీ మొదట ససేమిరా అంది. "బందరుకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి. ఉప్పెన చూసినవాళ్ళకి అడిగితే ఇస్తున్నారట."

"ఇస్తారు. నా తరవాత వచ్చేవాడికి మళ్ళీ ఈ తీగే గతి కదా?"

"ఊరందరికీ మీరొక్కరే దిక్కా?"

"కాదు. కానీ కబురు నా బల్ల మీద పెట్టుకుని ఇంకో తల్లిని ఆకలితో చంపలేను జైతూన్. మళ్ళీ తుఫాను రాకముందే ఇక్కడ వైర్‌లెస్ ఉండాలి. ఆ తరవాత ఎక్కడికి వెళ్దామన్నా వస్తాను."

పట్టిన పట్టు విడవడం ఆ మనిషి ఇంటా వంటా లేదని ఆమె పెళ్ళయిన నెలకే కనిపెట్టింది.

ఈ విద్య చెప్పేవాళ్ళు ఎవరున్నారని వాకబు చేస్తే గుడివాడలో శేషగిరిరావు గారి పేరు చెప్పారు. ఆయన పాతికేళ్ళు ఓడల మీద రేడియో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. వసారా గోడకి, దేవుడి పటాల కన్నా ఒక జానెడు ఎత్తున, అద్దం కట్టిన ఆయన కమర్షియల్ సర్టిఫికెట్టు ఉండేది. ఎవరొచ్చినా ముందు దాన్ని చూశాకే మంచినీళ్ళు తాగాలి. జబ్బార్ ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, పామర్రు మీదుగా గుడివాడ చేరి, దాన్ని చూసి, నీళ్ళు తాగి, వచ్చిన పని చెప్పాడు.

"ఎమెచ్యూరా?" శేషగిరిరావు గారు ముక్కు చిట్లించాడు. "నీ పరీక్షా నా పరీక్షా రెండూ రేడియో పరీక్షలే జబ్బారూ. పిల్లీ పులీ రెండూ ఒకటే జాతి అన్నట్టు. మాది ఓడ మీద అన్నం పెట్టే పరీక్ష. మామూలు మాటలైతే నిమిషానికి పాతిక, అర్థంపర్థం లేని అక్షరాల గుంపులైతే ఇరవై. మధ్యలో తుమ్మొచ్చినా ఆపుకోవాలి. సెట్టులో వాళ్ళే ఎక్కడో లోపం పెట్టి బాగుచెయ్యమంటారు. ఏ సముద్రంలో ఏ స్టేషన్ని ఎలా పిలవాలో అడుగుతారు. నేను రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాను. మరి నీదో? నిమిషానికి ఐదు మాటలు, కాస్త కరెంటు, కాసిని రూల్సు. దాన్ని పరీక్ష అనరయ్యా, అక్షరాభ్యాసం అంటారు."

"పన్నెండు మాటలది, పైది ఒకటి ఉందటగా అండీ?"

"ఉంది. కనీసం అదన్నా కట్టు, పరువు దక్కుతుంది."

"దానికి కరెంటు లెక్కలు ఎక్కువటండి. నాది మెట్రిక్ చదువు. చిన్నదే కట్టి త్వరగా లైసెన్సు తెచ్చుకుంటాను. నాకు పరువుతో పని లేదు, తుఫానుతో పని."

ఆదివారం ఆదివారం వెళ్ళి కూర్చునేవాడు. శేషగిరిరావు గారు బజరు కట్టిన మీట నొక్కి వార్త పంపేవాడు. మొదటివారం జబ్బార్‌కి ఒక్క ముక్క అందలేదు. అతనికి తెలిసింది టక్కులు, ఇది సన్నటి కూత. చిన్న కూత చుక్క, పొడుగు కూత గీత. రెండోవారానికి చెవి సర్దుకుంది. మూడోవారం ఇరవై మాటల వేగంలో పేజీడు రాసి ఇస్తే ఒక్క తప్పు లేదు. శేషగిరిరావు గారు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ పిల్లకాయల పరీక్ష మానేసి కమర్షియల్ కట్టవయ్యా. ఏడాదిలో నిన్ను ఓడెక్కిస్తాను."

"నేను ఓడెక్కితే దివిసీమ గోడు ఎవరు చెప్తారండీ?"

"మొండివాడు రాజు కన్నా బలవంతుడని ఊరికే అన్లేదు" అని ఆయన కాగితం తిరిగి ఇచ్చేశాడు.

మోర్సు నల్లేరు మీద బండి నడక అని ఇద్దరూ తీర్మానించుకున్నారు. ఇక ఆ తరవాత దాన్ని ముట్టుకోలేదు. మిగిలిన వారాలన్నీ కరెంటు పాఠాలే. నలభై ఏళ్ళ వయసులో జబ్బార్ కండెన్సర్లూ కాయిళ్ళూ బట్టీ పట్టాడు. భార్య అన్నం వడ్డిస్తుంటే కంచం పక్కన వేలితో సర్క్యూట్లు గీసేవాడు.

డెబ్భై ఎనిమిది మార్చిలో మద్రాసు వెళ్ళాడు. భయపడ్డ కరెంటు పేపరు చక్కగా రాశాడు. రూల్సు గడగడా చెప్పాడు. చివర మోర్సు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని, పక్కన చెమటలు కక్కుతున్న కాలేజీ కుర్రాణ్ణి చూసి జాలిపడ్డాడు కూడా.

కూత మొదలైంది. జబ్బార్‌కి ఏమీ అర్థం కాలేదు.

ఐదు మాటల వేగమంటే ఎంత నెమ్మదో అతను ఎన్నడూ విని ఎరగడు. ఆ వేగంలో చుక్కే అతనికి అలవాటైన గీతంత పొడుగుంది. గీతైతే ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు. రెండు చుక్కల మధ్య ఖాళీ, అతని లెక్కలో, ఒక అక్షరం అయిపోయి ఇంకోటి మొదలయ్యేంత. ఒంటి గీత అంటే 'టీ' అక్షరం. చెవి విన్నదల్లా చెయ్యి రాసింది. అయిదు నిమిషాల తరవాత చూసుకుంటే కాగితం నిండా టీ, టీ, టీ. పక్క కుర్రాడు చెమట తుడుచుకుని ముచ్చటగా నాలుగు వాక్యాలు ఇచ్చి వెళ్ళిపోయాడు.

పరీక్ష పెట్టినాయన కాగితం చూసి, మనిషిని చూసి, ఏం పని చేస్తారని అడిగాడు. పద్దెనిమిదేళ్ళుగా తంతి ఆఫీసులో అని జబ్బార్ చెప్పాడు. ఆయన నవ్వలేదు, అది ఆయన మంచితనం. "ఇంత నెమ్మదిగా మీకెవరూ ఎప్పుడూ పంపి ఉండరు. మళ్ళీ రండి" అన్నాడు.

జబ్బార్ ఇంటికి వెళ్ళడానికి మొహం చెల్లక తిన్నగా గుడివాడలో దిగాడు. సంగతి విని శేషగిరిరావు గారు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఐదు మాటలు రాలేదుటయ్యా! ఏదీ, నాకు పంపు చూద్దాం" అని పెన్సిలు తీశాడు. జబ్బార్ గోడ గడియారం చూసుకుంటూ, ఒక్కో చుక్కా కొలిచి కొలిచి, ఐదు మాటల వేగంలో నాలుగు వాక్యాలు పంపాడు. అంత నెమ్మదిగా కొట్టడానికి అతనికే చెయ్యి నొప్పెట్టింది.

పంపడం అయిపోయింది. శేషగిరిరావు గారు తను రాసింది చదవబోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. అందులో ఒక్క మాట లేదు. గోడ మీద సర్టిఫికెట్టు వంక ఒకసారి చూసి, చూపు దించుకున్నాడు.

"ఇంత నెమ్మదిగా ఎవడు పెట్టమన్నాడయ్యా దీన్ని?"

"కొత్తవాళ్ళ కోసం అంటండి."

"మనం కొత్తవాళ్ళం కాదుగా!"

"అదేనండీ మన చిక్కు."

ఆ రోజు నుంచి శేషగిరిరావు గారు ఏ పరీక్ష పెద్దదో, ఏది చిన్నదో అనే ఉపన్యాసం మానేశాడు. మంచినీళ్ళు ఇచ్చేటప్పుడు సర్టిఫికెట్టు చూపించడం కూడా తగ్గింది. ఇద్దరూ కూర్చుని నిదానం సాధన చేశారు గానీ కుదర్లేదు. పంపేవాడూ పాతకాపే, రాసేవాడూ పాతకాపే. ఒక నిమిషం ఐదు మాటల్లో నడిచి, రెండో నిమిషానికి చేతులు వాటంతటవే పదిహేను అందుకునేవి.

"మనకి బొత్తిగా రానివాళ్ళు కావాలి" అన్నాడు శేషగిరిరావు గారు.

బొత్తిగా రాని మనిషి జబ్బార్ ఇంట్లోనే ఉంది. జైతూన్ బీ బందరు బళ్ళో ఆరు దాకా చదివింది, ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడుతుంది. ఏ అక్షరానికి ఎన్ని చుక్కలో ఎన్ని గీతలో పెద్దగా రాసి గోడకి అంటించి, మీట ఆమె చేతికిచ్చాడు. ఆమె కాగితం చూసి, మీట చూసి, మళ్ళీ కాగితం చూసి, బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కొక్క చుక్కా నొక్కేది. అది ఐదు మాటలు కూడా కాదు, మూడే. జబ్బార్ వింటూ తల పట్టుకునేవాడు.

"కాస్త త్వరగా నొక్కు."

"నాకింతే వచ్చు. త్వరగా కావాలంటే మీ ఆఫీసుకి వెళ్ళండి."

"ఆలస్యం అమృతం విషం అన్నారు."

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు. మీరు తప్పింది రెండోదాంట్లో."

రోజూ సాయంత్రం ఆఫీసు మూశాక గంటసేపు అదే పని. అతను నేర్చుకోవలసింది వినడం కాదు, ఆగడం. అక్షరం పూర్తయ్యేదాకా పెన్సిలు కదపకుండా ఉండడం. మాట ఏమై ఉంటుందో ముందే ఊహించకుండా ఉండడం. పద్దెనిమిదేళ్ళ అలవాటు మానడం కన్నా పొగాకు మానడం తేలిక. నెలరోజులు కాగితం మీద చెత్తే పడింది. ఒకరోజు మొట్టమొదటిసారి మాటలు విడివిడిగా, తప్పు లేకుండా పడ్డాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. చదువుకుంటే "బందరు వెళ్దాం" అని ఉంది.

జబ్బార్ తలెత్తి చూశాడు. ఆమె మీట మీద చెయ్యి పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఉప్పెన దగ్గర్నుంచీ ఆమె సముద్రం హోరు వింటే రాత్రిళ్ళు లేచి కూర్చుంటుందని అతనికి తెలుసు. తెలిసీ ఇక్కడే ఉంచాడు. మీట తన వైపు తిప్పుకుని, అంతే నెమ్మదిగా, "సెట్టు పెట్టాక" అని నొక్కాడు. ఆమె గోడ మీది కాగితం చూసుకుంటూ కూడబలుక్కుని, "సరే" అంది.

జూలైలో మళ్ళీ మద్రాసు వెళ్ళాడు. ఈసారి కూత మొదలవగానే కళ్ళు మూసుకుని, ఇది జైతూన్ చెయ్యి అనుకున్నాడు. నాలుగు వాక్యాలూ తప్పు లేకుండా ఇచ్చాడు. పరీక్ష పెట్టినాయన గుర్తుపట్టి కుర్చీలోంచి లేచి చెయ్యి కలిపాడు.

పాసయ్యాక ఎంక్వయిరీలు. ఇంట్లో వైర్‌లెస్ ఎందుకమ్మా అని పోలీసాయన అడిగితే, "అన్నం తినమని చెప్పడానికండీ" అంది జైతూన్ బీ. ఆయన ఏం రాసుకున్నాడో తెలియదు. లైసెన్సు మాత్రం డెబ్భై తొమ్మిది ఫిబ్రవరిలో వచ్చింది. ఓడ సర్టిఫికెట్టు ఉన్నంత మాత్రాన ఇంట్లో సెట్టు పెట్టుకోకూడదు కాబట్టి శేషగిరిరావు గారూ అర్జీ పెట్టి ఎమెచ్యూర్ లైసెన్సు తెప్పించుకున్నాడు. దాన్ని కూడా అద్దం కట్టించి పెద్దదాని పక్కనే, సమానమైన ఎత్తులో, తగిలించాడు. భూషణాన్ని పిలిచి, "మళ్ళీ తుఫానొస్తే రోడ్ల వెంట తిరక్కు, మా వసారాకి వచ్చి కూర్చో" అని చెప్పాడు. ఇద్దరి సెట్లూ మిలటరీ పాత సామాను తెచ్చి కట్టుకున్నవే. జబ్బార్‌ది ట్రాక్టరు బ్యాటరీ మీద నడుస్తుంది. ఆదివారం ఆదివారం పొద్దున ఏడింటికి రెండూ పలకరించుకునేవి. అప్పుడు మాత్రం ఇద్దరూ ఇరవై మాటల వేగంతో దంచేవాళ్ళు. నిమిషంలో కబుర్లన్నీ అయిపోయేవి.

ట్రాన్స్‌ఫర్ అర్జీ ఏప్రిల్లో రాస్తానన్నాడు. జైతూన్ బీయే, "వర్షాకాలం వెళ్ళనివ్వండి" అంది. వర్షాకాలం దాకా ఆగాల్సిన పని లేకపోయింది. మే నెలలోనే తుఫాను వచ్చింది.

ఈసారి ముందే చెప్పారు, జనం ముందే కదిలారు. పన్నెండో తేదీ పొద్దుటికి ఊరంతా మేడల మీదికి చేరింది. మధ్యాహ్నానికి సిగరెట్టు డబ్బా మూగబోయింది. జబ్బార్ బ్యాటరీని గోనెపట్టా కప్పి అటక మీదికి ఎక్కించాడు. తెల్లారి గాలి కాస్త తగ్గగానే మేడ ఎక్కి, తెగిన ఏరియల్ తీగని మిగిలిన కొబ్బరిచెట్టుకీ పిట్టగోడకీ కట్టాడు. కిందికి దిగేసరికి పోస్టాఫీసు నిండా జనం. అందరికన్నా ముందు పుష్పావతి. ఫారం అడగలేదు, మేడ మీదే రాసి కొంగులో దాచి తెచ్చింది. "అందరం క్షేమం. భూషణం అన్నయ్యని అన్నం తినమను."

జబ్బార్ ఆ కాగితం చదివి, బ్యాటరీ దించి సెట్టుకి తగిలించి, మీట ముందు కూర్చున్నాడు. గుడివాడని పిలిచాడు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి స్పీకరు వేశాడు. మెరుపులకి సెట్టు నిండా చిటపటలు, మూకుడులో ఆవాలు పేలుతున్నట్టు. ఆ చిటపటల వెనక శేషగిరిరావు గారి కూత లీలగా ఉంది గానీ ముక్కలు ముక్కలైపోతోంది. జబ్బార్ మళ్ళీ పంపాడు. చేతికి భయం పట్టుకుంటే ఇంకా వేగం పుడుతుంది. ఇరవై రెండు, ఇరవై నాలుగు. మూడుసార్లు పంపాడు. అవతల ఒక్క మాట అందినట్టు లేదు. సెట్టు ఉండి, లైసెన్సు ఉండి, ఈ కాగితం కూడా బల్ల మీదే ఉండిపోతుందా?

అప్పుడు అవతలి కూత మారింది. పొడుగ్గా, ఆగి ఆగి, ఒక్కో గీతా చిటపటల్ని దాటుకుని వస్తోంది. కంగారులో జబ్బార్‌కి తట్టలేదు. తలుపు దగ్గర నిలబడ్డ జైతూన్ బీ పెదాలు కదిలాయి.

"నిదానం" అంది ఆమె. "నిదానం అంటున్నారండీ. నిదానంగా కొట్టమంటున్నారు."

జబ్బార్ మీట మీంచి చెయ్యి తీసి మళ్ళీ పెట్టాడు. తన చెయ్యి మర్చిపోయి, ఆమె చెయ్యి గుర్తు తెచ్చుకున్నాడు. బియ్యంలో రాళ్ళేరినట్టు, ఒక్కొక్క చుక్కా, ఒక్కొక్క గీతా. ఓ మెరుపు అక్షరాన్ని తినేస్తే ఆ మాటని మళ్ళీ పంపాడు. రెండు వాక్యాలు చేరడానికి ఆరేడు నిమిషాలు పట్టింది. అందిందని అవతల నుంచి గుర్తు వచ్చింది. తరవాత చాలాసేపు చిటపటలే.

కూత మళ్ళీ మొదలైంది. జబ్బార్ పెన్సిలు తీసుకున్నాడు. పుష్పావతి అతని భుజం మీదుగా కాగితం మీదికి వంగింది. ఒక్క అక్షరం పడేది, ఆగేది. ఇంకో అక్షరం పడేది. మొదటి మాట భూషణం. రెండో మాట అన్నం. గంగాదేవి పోయిందన్న తంతి వచ్చిన రోజున అతని చెవి ముందే పరుగెత్తింది. ఇవాళ చెవికి ముందుగా ఏదీ తెలియలేదు. వచ్చినది వచ్చినట్టు, ఆమెతోపాటే, ఒక్కో అక్షరం చదువుకున్నాడు.

"భూషణం అన్నం తిన్నాడు."

పుష్పావతి బల్ల అంచు పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. అమ్మా అని ఒక్కసారి గట్టిగా ఏడ్చింది. ఏడాదిన్నరగా ఆమె అలా ఏడవడం ఎవరూ చూడలేదు. జబ్బార్‌కీ కళ్ళు మసకబారి కాగితం కనపడలేదు, ఆ కన్నీళ్ళు దాచుకోవాలని కూడా అనుకోలేదు.

కాసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "వెళ్తాను అన్నయ్యా. పొయ్యి వెలిగించాలి. మేమూ ఇంకా ఏమీ తినలేదు" అని తడి నేల మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వెళ్ళిపోయింది.

జైతూన్ బీ జనం చేతుల్లోంచి రెండో కాగితం అందుకుని బల్ల మీద పెట్టింది. జబ్బార్ మీట మీద చెయ్యి వేసి, నెమ్మదిగా మొదలుపెట్టాడు.